53 గ్రేడా, స్లాగా, ఎల్‌సీ3యా: విశాఖ ఉప్పు గాలికి ఏ సిమెంటు?

మా పిన్ని కొడుకు భీమిలి రోడ్డులో స్థలం కొని మూడేళ్లయింది. సంక్రాంతి వెళ్లాక పునాదులు తవ్వించాడు. అప్పట్నుంచి రోజూ రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోను. "అన్నయ్యా, మేస్త్రి ఫిఫ్టీత్రీ తప్ప ఇంకోటి ముట్టుకోనంటున్నాడు. డీలరేమో స్లాగ్ తీసుకోండి, బస్తా మీద కొంత తగ్గుతుందంటున్నాడు. నెట్‌లో చూస్తే ఎల్‌సీ3 అట, కాల్చిన బంకమట్టి కలుపుతారట, కాలుష్యం తక్కువట. ఇంతకీ ఏది కొనమంటావ్?"

నేను గాజువాక వైపు ఒక మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో పదహారేళ్లుగా బలం చూడటానికి సిమెంటు, కాంక్రీటు క్యూబులు పగలగొడుతున్నాను. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. సముద్రానికి దగ్గర్లో ఇల్లు కడుతూ, పోసిన కాంక్రీటుకి పధ్నాలుగు రోజులు నీళ్లు పట్టగలిగితే, ఉక్కు కొలిమి మడ్డి కలిపిన స్లాగ్ సిమెంటు తీసుకోండి. పట్టలేమనుకుంటే దాని జోలికి వెళ్లొద్దు. మిగతాదంతా ఎందుకలా అంటున్నానో చెప్పడమే.

సంచి మీది అంకె సంగతి

మేస్త్రి లెక్కలో 53 అంటే 33 కంటే ఇరవై ఎక్కువ. అసలా అంకె కాంక్రీటుది కాదు. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి, 70.6 మిల్లీమీటర్ల చిన్న ఘనాలు పోసి, నీళ్లలో ఉంచి, 28వ రోజున మిషను కింద నొక్కుతాం. చదరపు మిల్లీమీటరుకి ఎన్ని న్యూటన్ల దగ్గర పగిలిందో ఆ లెక్క. ఆ ఇసుక కూడా ఏరు పక్కది కాదు, తమిళనాడు ఎన్నూరు నుంచి వచ్చే ప్రామాణిక ఇసుక. దేశంలో ఎక్కడ పరీక్ష చేసినా అదే వాడాలి.

53 గ్రేడు ఓపీసీ, అంటే స్లాగూ బూడిదా కలపని మామూలు సిమెంటు, మూడు రోజులకు కనీసం 27, ఏడు రోజులకు 37, 28 రోజులకు 53 ఎంపీఏ (చదరపు మిల్లీమీటరుకి న్యూటన్లు) ఇవ్వాలి. ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద, కలిసిన పీపీసీకీ, స్లాగ్ కలిసిన పీఎస్‌సీకీ ప్రమాణం అడిగేది 16, 22, 33 మాత్రమే. అది కనీసం. మా ల్యాబుకి వచ్చే పీపీసీ, స్లాగ్ సంచుల్లో చాలా మటుకు 33ని అలవోకగా దాటిపోతాయి. అంటే 28వ రోజు దగ్గర మీరనుకునేంత తేడా ఉండదు. తేడా అంతా మొదటి వారంలో. మేస్త్రి చూసేది ఆ మొదటి వారమే, ఎందుకంటే సెంట్రింగ్ విప్పితేనే అతనికి తరవాతి పని. అతని తప్పేం లేదు. కానీ ఆ ఇంట్లో ఉండబోయేది అతను కాదు.

మా నాన్నగారు పెదవాల్తేరులో 1996లో ఇల్లు కట్టారు. అప్పట్లో 53 గ్రేడు కొత్త మోజు, పట్టుబట్టి అదే తెప్పించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు చూస్తే సముద్రం వైపు సన్‌షేడ్ పెచ్చు ఊడి కింద పడి ఉంది. లోపలి చువ్వ గోధుమరంగు పొరలు పొరలుగా, వేలితో గీరితే రాలిపోతోంది. ఊడిన ముక్కని ల్యాబుకి తీసుకెళ్లి కోర్ (గుండ్రంగా కోసిన ముక్క) తీసి నొక్కాను. బలానికి లోటేమీ లేదు, బ్రహ్మాండంగా ఉంది. గట్టి కాంక్రీటే, లోపల చువ్వ మాత్రం తుప్పు. తుప్పు పట్టిన ఇనుము తన పాత పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి ఏ గ్రేడు కాంక్రీటైనా పగలాల్సిందే. ఉప్పు లోపలికి ఎలా వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు క్యూబు మిషన్లో దొరకదు, మైక్రోస్కోపు కింద దొరుకుతుంది.

లోపల ఏముంటుంది

సిమెంటు నీళ్లతో కలిస్తే ముఖ్యంగా రెండు పుడతాయి. ఒకటి జిగురు, దాన్ని సీఎస్‌హెచ్ అంటారు. బలం అంతా దానిదే. రెండోది సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. గట్టిపడిన ముద్దలో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా ఈ సున్నమే ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద జిగురు నలిగిన దూదిలా కనపడితే, సున్నం పేర్చిన పేక ముక్కల్లా ఆరు పలకల బిళ్లలుగా ఉంటుంది. చువ్వ చుట్టూ క్షారాన్ని నిలిపి తుప్పు పట్టకుండా కాసేదీ ఈ సున్నమే, నీళ్లకి కరిగిపోయి దారి వదిలేదీ ఇదే. వీటి మధ్య ఇగిరిపోయిన నీళ్లు వదిలిన సందులుంటాయి. ఉప్పు నడిచే దారి ఆ సందులే. కంకర రాయి చుట్టూ వెంట్రుక మందంలో సగం ఉండే ఒక పలచని పొర ఉంటుంది, అక్కడ నీళ్లెక్కువ, సున్నమెక్కువ, సందులెక్కువ. కాంక్రీటు ముందుగా బీటలిచ్చేదీ అక్కడే.

ఇక్కడ చెప్పబోయే తక్కువ కార్బన్ సిమెంట్లన్నీ చేసేది ఒకే పని. క్లింకర్, అంటే సున్నపురాయిని కొలిమిలో కాల్చి తీసే సిమెంటు గడ్డలు, కొంత తీసేసి, ఆ స్థానంలో ఈ సున్నాన్ని తిని జిగురుగా మార్చే పొడిని పెడతాయి. సున్నం బిళ్లలు తగ్గుతాయి, సందులు పూడతాయి. పొడిని బట్టి ఎంత పూడతాయి, ఎన్ని రోజులకి పూడతాయి అన్నదే మారుతుంది.

క్లింకర్ తగ్గిస్తే గాలికి మేలు ఎందుకంటే, టన్ను సున్నపురాయిని కాలిస్తే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయి లోంచే బయటికొస్తుంది. 1450 డిగ్రీల కొలిమికి కాల్చే బొగ్గుది దీని మీద అదనం. కొలిమిని సౌర విద్యుత్తుతో నడిపినా రాయి లోంచి వచ్చేది ఆగదు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే. మోటు లెక్కన టన్ను క్లింకర్‌కి 850 కిలోలు వేసుకోండి. ఒక ఇంటికి 800 బస్తాలు, అంటే 40 టన్నులు పడితే ఓపీసీతో 32 టన్నుల చిల్లర. అదే సగం స్లాగ్ ఉన్న సిమెంటైతే 15 టన్నులు, పైన స్లాగ్ ఆరబెట్టి మర పట్టిన ఖర్చు. స్కూటర్ మానేసి సైకిలెక్కి ఇంత ఆదా చేయాలంటే జన్మలు పడతాయి.

స్లాగ్ సిమెంటు

విశాఖ వాళ్ల అదృష్టం, ఇది మన పెరటి సరుకు. స్టీల్ ప్లాంటు కొలిమిలో ఇనుము మీద తేలే మడ్డి ఇది. అదే ద్రవాన్ని గుంటలో పోసి మెల్లగా చల్లారనిస్తే రాయి అవుతుంది, రోడ్డు కంకరలా వాడుకోవచ్చు గానీ సిమెంటుకి పనికిరాదు. పోస్తూనే దాని మీద నీళ్లు జోరుగా కొడితే తెల్లటి గరుకు ఇసుకలా, లోపల గాజులా గడ్డకడుతుంది. మన అమ్మలకి ఇది కొత్త కాదు. పంచదార పాకాన్ని తీరిగ్గా ఆరనిస్తే పటికబెల్లం పలుకులవుతుంది, చుక్క తీసి చన్నీళ్ల గిన్నెలో వేస్తే టక్కున విరిగే గాజు బిళ్ల అవుతుంది. సిమెంటుకి కావాల్సింది ఆ గాజే. ప్రమాణం ప్రకారం స్లాగ్‌లో కనీసం 85 శాతం గాజు ఉండాలి. స్లాగ్ సిమెంటుకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 455, సిమెంటులో స్లాగ్ 25 నుంచి 70 శాతం దాకా కలపనిస్తుంది.

ఫ్లై యాష్‌కి సున్నం దొరికితే తప్ప కదలిక లేదు. స్లాగ్‌కి సొంతంగానే గట్టిపడే గుణం ఉంది, క్షారం కాస్త తట్టి లేపితే చాలు. అందుకే సగం క్లింకర్ తీసేసినా నిలబడుతుంది. అది పుట్టించే జిగురులో అల్యూమినా కలిసి ఉంటుంది, సందులు వంకర్లు తిరిగి సన్నబడతాయి. లోపలికొచ్చిన ఉప్పులో కొంత భాగాన్ని అల్యూమినా తనతో కట్టేసుకుంటుంది కూడా. సముద్రపు కట్టడాలకి దశాబ్దాలుగా దీన్ని వాడేది అందుకే.

దగ్గర్నుంచి చూడాల్సిన విచిత్రం ఒకటుంది. మామూలు క్యూబు పగిలితే లోపల బూడిదరంగు. 28 రోజులు నీళ్లలో నానిన స్లాగ్ క్యూబు పగిలితే లోపల నీలం కలిసిన ఆకుపచ్చ, పాచి పట్టిన చెరువు మెట్టు రంగు. మొదటిసారి చూసిన మేస్త్రి ఒకాయన ముక్క చేతిలోకి తీసుకుని "ఇదేటండి బాబూ, నెల్రోజులైనా ఇంకా పచ్చిగా ఉంది?" అన్నాడు. పచ్చిగా కాదు, పచ్చగా ఉంది. స్లాగ్‌లోని సల్ఫైడ్లు ఇచ్చే రంగు అది. ముక్కని కిటికీలో పెడితే గాలి తగిలి కొన్ని రోజులకి వెలిసిపోతుంది. నా దృష్టిలో అది మంచి గుర్తు, స్లాగ్ పనిచేసిందనీ, లోపలికి గాలి చొరబడలేదనీ చెబుతుంది. మీ గోడ సెంట్రింగ్ విప్పినప్పుడు అక్కడక్కడా పచ్చ మరకలు కనపడితే గాభరా పడి డీలర్‌తో గొడవ పెట్టుకోకండి.

ఇక దీని బలహీనత. మొదటి వారం మందకొడి. ఆ వారంలో ఎండిపోనిచ్చారా, స్లాగ్ గాజు ముక్కలు గాజు ముక్కలుగానే మిగిలిపోతాయి. ఎండిపోయిన స్లాబు ముక్కని మైక్రోస్కోపు కింద పెడితే ఇది కళ్లకి కట్టినట్టుంటుంది. పైన సెంటీమీటరు మేర సగం పనిచేయని కోసు అంచుల రవ్వలు, వాటి చుట్టూ ఖాళీలు. లోపలికి పోయేకొద్దీ బాగుంటుంది. కానీ చువ్వకి రక్షణ ఇవ్వాల్సింది ఆ పై పొరే కదా. అంటే సరిగ్గా తడపని స్లాగ్ కాంక్రీటు సరిగ్గా తడిపిన ఓపీసీ కంటే అధ్వానం. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 తడపడానికి ఓపీసీకి ఏడు రోజులు, కలిపిన సిమెంట్లకి పది రోజులు చెప్పి, పధ్నాలుగు చేస్తే మంచిదంటుంది. నేనైతే పధ్నాలుగే చెబుతాను.

పీపీసీ

దీని గురించి చెప్పుకోవాల్సింది తక్కువ, ఎందుకంటే మీరు తెలిసో తెలియకో వాడుతున్నది ఇదే. ఫ్లై యాష్ 15 నుంచి 35 శాతం. బొగ్గు కాల్చిన చోట పుట్టే బూడిద, పరవాడ దగ్గరి సింహాద్రి లాంటి కేంద్రాల్లో ఊడ్చినకొద్దీ ఉంటుంది. మైక్రోస్కోపు కింద అందమైన దృశ్యం ఇదే. నున్నటి గోళీలు, కొన్ని పెద్ద గోళీల కడుపులో చిన్న గోళీలు. అవి దొర్లడం వల్లే పీపీసీ మాలు తాపీ కింద వెన్నలా జారుతుంది. ప్లాస్టరింగ్ మేస్త్రులకి ఇష్టం అందుకే.

బద్ధకం మాత్రం స్లాగ్ కంటే ఎక్కువ. 28వ రోజున ముక్క తీసి చూస్తే చాలా గోళీలు అప్పుడే కొన్నట్టు నున్నగా మెరుస్తుంటాయి. 56, 90 రోజులకి వాటి మీద జిగురు పట్టి, పెంకు గీరుకుపోయి కనపడతాయి. కాబట్టి పీపీసీ కాంక్రీటుని 28వ రోజు క్యూబుతోనే తూకం వేయడం పరీక్ష మధ్యలో పేపరు లాక్కోవడం లాంటిది. పెందుర్తి, ఆనందపురం లాంటి లోపలి ప్రాంతాల్లో రెండంతస్తుల ఇంటికి మొత్తం పీపీసీతో కట్టుకున్నా నాకే అభ్యంతరమూ లేదు. బీచ్ రోడ్డు వైపు స్తంభాలకి మాత్రం నేను స్లాగ్‌కే ఓటేస్తాను.

రెండూ కలిసిన కాంపోజిట్ సిమెంటు కూడా దుకాణాల్లో ఉంది. క్లింకర్ 35 నుంచి 65 శాతం, మిగతాది స్లాగూ ఫ్లై యాషూ. కాగితం మీద బాగుంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పాళ్లలో కలుపుతుంది కాబట్టి ఆ వారం టెస్ట్ సర్టిఫికెట్ చూడకుండా నేను మంచీ చెప్పను, చెడూ చెప్పను.

ఎల్‌సీ3

ఇది వినడానికి కొత్త పేరు, వంటకం పాతది. మన తాతల కాలంలో గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవారు, సుర్కీ అనేవారు. కాల్చిన మట్టి సున్నంతో కలిసి నీళ్లలో గట్టిపడుతుందని వాళ్లకి తెలుసు. ఎల్‌సీ3లో క్లింకర్ 50, కాల్చిన బంకమట్టి 30, కాల్చని సున్నపురాయి పొడి 15, జిప్సం 5 పాళ్లు. స్విట్జర్లాండులోని ఈపీఎఫ్ఎల్‌లో కరెన్ స్క్రీవనర్ బృందం, క్యూబా పరిశోధకులు, మన దగ్గర ఐఐటీ దిల్లీ, ఐఐటీ మద్రాసు వాళ్లు కలిసి దీన్ని ఇక్కడిదాకా తెచ్చారు. 2023లో దీనికి ఐఎస్ 18189 అని సొంత ప్రమాణం కూడా వచ్చింది.

మట్టిని 700 నుంచి 850 డిగ్రీల దాకా కాలిస్తే చాలు, క్లింకర్ కొలిమిలా 1450 అక్కర్లేదు. మట్టి లోంచి పోయేది నీటి ఆవిరే. ఓపీసీతో పోలిస్తే కార్బన్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది. పింగాణీకి పనికొచ్చే మేలు రకం మట్టే కావాలనేం లేదు, కయొలినైట్ అనే బంకమట్టి ఖనిజం 40 శాతం ఉన్నా సరిపోతుంది.

ల్యాబు మనిషిగా నాకు దీంట్లో నచ్చేది వేగం. కాల్చిన మట్టి సున్నాన్ని తింటుంది, సరే. అది వదిలే అల్యూమినా వెళ్లి సున్నపురాయి పొడితో కలిసి కార్బోఅల్యూమినేట్ అనే స్ఫటికాలు కడుతుంది. అవి సందుల్లో కూర్చుంటాయి. రెండు రకాల పొడులు విడివిడిగా చేయలేని పని కలిసి చేస్తాయి. దాంతో మొదటి వారంలోనే సందులు ఎంతగా సన్నబడతాయంటే, ఫ్లై యాష్‌కి ఆ స్థితి రావడానికి నెలలు పడుతుంది. ఏడో రోజుకే బలం ఓపీసీ పక్కకి వచ్చేస్తుంది. ఉప్పుని ఆపడంలో మిగతా వాటి కంటే ఇదే ముందుంటోంది.

నచ్చనిదీ ఉంది. కాల్చిన మట్టి రేకులు రేకులుగా ఉండి నీళ్లు తాగుతుంది. మాలు బిగుసుకుపోతుంది. సైట్లో ఏం చేస్తారో మీకు తెలుసు, ఒక బకెట్టు నీళ్లు ఎక్కువ పోస్తారు. అంతే, పైన చెప్పిన గొప్పలన్నీ ఆ బకెట్టులో కొట్టుకుపోతాయి. సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా మాలుని జారేలా చేసే రసాయనం) కొలిచి పోసే ఆర్‌ఎంసీ, అంటే రెడీమిక్స్ కాంక్రీటు, ప్లాంటులోనే దీనికి న్యాయం జరుగుతుంది. మట్టిలో ఇనుముంటే సిమెంటు కాస్త గులాబీ ఛాయలో వస్తుంది, "నల్లగా ఉంటేనే గట్టి సిమెంటు" అనుకునే మనవాళ్లకి ఇదో అనుమానం. పైగా మా చుట్టుపక్కల చిల్లర దుకాణాల్లో దీని సంచి నేనింకా చూడలేదు. ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్లు దీని కోసం ఆగొద్దు. ఎం.టెక్ ప్రాజెక్టుకి మాత్రం ఇంతకంటే మంచి వస్తువు లేదు. ఎందుకంటే స్లాగ్ రావాలంటే బ్లాస్ట్ ఫర్నేసు ఉండాలి, బూడిద రావాలంటే బొగ్గు కాలాలి. ఆ రెండూ తగ్గాలనే కదా అందరూ కోరుకునేది. మట్టీ సున్నపురాయీ ఎక్కడికీ పోవు.

అందరూ దాటవేసే ఒక లోటు

కలిపిన సిమెంట్లన్నింటికీ ఒక తిరకాసు ఉంది. సున్నాన్ని తినేస్తాయి కాబట్టి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని ఆపే సున్నం లోపల తక్కువ మిగులుతుంది. కార్బొనేషన్, అంటే ఆ వాయువు చువ్వని కాసే క్షారాన్ని చంపేయడం, ఓపీసీ కంటే త్వరగా లోపలికి దిగుతుంది. వాన పడని, గాలి ఆడే చోట్ల, అంటే సెల్లార్ పార్కింగు స్తంభాల్లాంటి వాటికి ఇది మరీ ఎక్కువ. ముక్క విరిచి ఫినాప్తలీన్ అనే రసాయనం చల్లితే తెలిసిపోతుంది, బాగున్న భాగం గులాబీరంగుకి తిరుగుతుంది, చెడిన అంచు రంగు మారదు. విశాఖలో పెద్ద శత్రువు ఉప్పే కాబట్టి నా ఎంపిక మారదు. కానీ చువ్వ మీద కవరు, అంటే చువ్వకీ బయటి అంచుకీ మధ్య కాంక్రీటు మందం, తగ్గించొద్దు. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి ఐఎస్ 456 కనీసం ఎం30 (28 రోజులకి 30 ఎంపీఏ బలం ఇచ్చే కాంక్రీటు), 45 మిల్లీమీటర్ల కవరు, నీళ్లూ సిమెంటు నిష్పత్తి 0.45 లోపు అడుగుతుంది. సముద్రపు తుంపర పడే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. మా నాన్నగారి సన్‌షేడ్‌లో కవరు కొలిస్తే 15 వచ్చింది. కంకర రాయి ముక్కే కవరు బ్లాకుగా పెట్టిన రోజులవి. ఇప్పుడూ పెడుతున్నారు.

ఏ పనికి ఏది

ఫుటింగులు, ప్లింత్ బీములు, కింది స్తంభాలకి స్లాగ్. వీటికి తొందర ఉండదు, మట్టిలో తడి ఉంటుంది, ఉప్పు బెడద ఎక్కువ. స్లాబుకీ స్లాగే, కాకపోతే సెంట్రింగ్ విప్పే గడువు మేస్త్రితో ముందే మాట్లాడుకోవాలి. ప్రమాణం చెప్పే ఏడు రోజులు, పధ్నాలుగు రోజులు ఓపీసీని దృష్టిలో పెట్టుకున్నవి. స్లాగైతే నేను పక్కన పోసి ఉంచిన క్యూబు పగలగొట్టి చూశాకే విప్పమంటాను. అంత ఓపిక లేని కాంట్రాక్టరు దొరికితే ఆర్‌ఎంసీ ప్లాంటులో ఓపీసీకి మూడో వంతు స్లాగ్ పొడి కలిపించండి, మధ్యే మార్గం. ఇటుక పనికీ ప్లాస్టరింగుకీ పీపీసీ, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఓపీసీ అచ్చంగా ఎక్కడ కావాలంటే, రేపే విప్పాల్సిన మరమ్మతులకి, ప్రీకాస్ట్ పనులకి. అక్కడ దానికి సాటి లేదు.

ఒక జాగ్రత్త. స్లాగ్, పీపీసీ మాలు నెమ్మదిగా బిగుస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక స్లాబు పోస్తే బిగిసేలోపే పైన ఆరిపోయి సాలెగూడు బీటలు వస్తాయి. తెల్లవారుజామున మొదలెట్టండి, తాపీ తిప్పిన వెంటనే ప్లాస్టిక్ షీటు కప్పండి.

పరీక్షలకి డబ్బు పెట్టేవాళ్లకి

ఇల్లు కట్టేవాళ్లకి క్యూబులు చాలు, బీచ్ పక్కనైతే ఆర్‌సీపీటీ అని, ఉప్పు ఎంత సులువుగా చొరబడుతుందో అంచనా వేసే పరీక్ష ఒకటి చేయించుకోండి. కాంక్రీటు బిళ్లకి 60 వోల్టులు ఆరు గంటలు పెట్టి ఎంత విద్యుత్తు దాటిందో కూలంబులనే కొలతలో చూస్తాం. 4000 దాటితే ఉప్పుకి తలుపులు బార్లా తీసినట్టు, 2000 లోపు మంచిది, 1000 లోపు చాలా మంచిది. ఒక్క మాట, ఈ పరీక్ష స్లాగ్‌కీ ఎల్‌సీ3కీ కాస్త పక్షపాతం చూపిస్తుంది. సందులు సన్నబడటమే కాదు, సందుల్లోని నీటిలో క్షారాలు తగ్గడం వల్ల కూడా విద్యుత్తు తక్కువ పోతుంది. మెప్పులో కొంత తగ్గించుకుని చదవాలి.

ప్రాజెక్టు పిల్లలు నా దగ్గరకొచ్చి ముందు అడిగేది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలే. విరిచిన ముక్క మీద మీకు కావాల్సిన సూదుల్లాంటి స్ఫటికాల గుత్తి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, వెతికే ఓపిక ఉండాలంతే. అది రుజువు కాదు. ముక్కని రెజిన్‌లో పోసి, అద్దంలా అరగదీసి, చాలా చోట్ల చిత్రాలు తీసి లెక్కపెడితే రుజువు. సున్నం ఎంత మిగిలిందో తెలియాలంటే ముక్కని వేడిచేస్తూ బరువు తూచే టీజీఏ పరీక్ష నమ్మకం, 400 నుంచి 500 డిగ్రీల మధ్య తగ్గే బరువు సున్నానిది. పాదరసం ఎక్కించే పోరోసిమెట్రీ అందరూ చేయిస్తారు, అది సందు సైజు చెబుతుందనుకుంటారు. అది చెప్పేది సందు మెడ సైజు. మరచెంబు పొట్ట ఎంతుందో మూతి కొలిచి చెప్పినట్టు. ఉప్పు వెళ్లాల్సిందీ ఆ మెడ లోంచే కాబట్టి పనికిరాని లెక్కేం కాదు, పేరు మాత్రం సరిగ్గా రాయండి.

ఇక మా తమ్ముడి సంగతి. స్లాగ్ ఖాయం చేశాక నేనడిగాను, నీళ్లు ఎక్కడివని. స్థలంలో బోరుంది, నోట్లో పోసుకుంటే కాస్త ఉప్పగా ఉంటాయి, అంతే అన్నాడు. సీసాలో పట్టి పంపించమన్నాను. ఇనుము ఉన్న కాంక్రీటు నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వాడివి అంతకు రెండింతల పైనే ఉన్నాయి. ఉప్పు రాకుండా సిమెంటు ఏరుకుని, ఆ ఉప్పు నీళ్లే రోజుకి రెండు పూటలా కొట్టబోయాడన్నమాట. ఇప్పుడు ట్యాంకరు తెప్పిస్తున్నాడు, బస్తా మీద మిగిలింది దానికే పోతోందని రోజూ సణుగుతున్నాడు.

ప్లింత్ బీములు పోసి ఇవాళ్టికి పదకొండు రోజులు. గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. మేస్త్రి నాలుగో రోజే చాలన్నాడట. మా పిన్ని ఒప్పుకోలేదు, పొద్దున్నే తులసికి నీళ్లు పోసి అదే చెంబుతో అక్కడికెళ్లి ఆరిన పట్టా ఎక్కడుందో తడిమి చూస్తోంది.